గండిపేట నుంచి గోదావరి దాకా: మహానగరానికి చెల్లించే మూల్యం

కోటి మందికి మించి జనాభా గల నగర సముదాయాన్ని ఐక్యరాజ్యసమితి మహానగరంగా లెక్కిస్తుంది. 1950లో ఆ కొలతకు అందినవి న్యూయార్క్, టోక్యో రెండే. 2018లో ఆ సంస్థ వెలువరించిన అంచనాల్లో వాటి సంఖ్య 33కు చేరింది, వాటిలో అత్యధికం ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికాల్లోనివే. 2011 జనగణన నాటికి భారతదేశంలో ముంబయి, ఢిల్లీ, కోల్‌కతా మాత్రమే కోటి దాటి ఉండగా, హైదరాబాద్ నగర సముదాయంలో 77 లక్షల మంది లెక్కకు వచ్చారు. 2020 నాటికి హైదరాబాద్ కూడా కోటిని అందుకుంటుందని ఐరాస అంచనా కట్టింది. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడినందువల్ల అది అంచనాగానే మిగిలింది.

నగరంలో ఎంతమంది ఉన్నారన్నది చెప్పాలంటే నగరం ఎక్కడితో ముగుస్తుందో ముందు తేల్చుకోవాలి. 2007 ఏప్రిల్‌లో పన్నెండు మున్సిపాలిటీలను, ఎనిమిది గ్రామ పంచాయతీలను కలుపుకొని గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ ఏర్పడినప్పుడు, అంతకుముందు 170 చదరపు కిలోమీటర్ల పైచిలుకున్న నగరపాలక పరిధి ఒక్కసారిగా 600 దాటింది. 2025 చివర్లో ఔటర్ రింగ్ రోడ్డుకు లోపల, దాన్ని ఆనుకొని ఉన్న మరో 27 పురపాలక సంస్థలను విలీనం చేయడంతో అది సుమారు 2,000 చదరపు కిలోమీటర్లయింది. ఇళ్లు, కంపెనీలు, కాలనీలు ముందు లేస్తాయి. పాలనా సరిహద్దు, దాని వెంట రోడ్డు, మంచినీటి గొట్టం, మురుగు కాలువ చాలా ఏళ్లకు గాని అక్కడికి చేరుకోవు. మహానగరపు కష్టాల్లో పెద్ద భాగం ఈ వ్యవధిలోనే పుడుతుంది. అక్కడ గడించే లాభాల్లో పెద్ద భాగం కూడా ఈ వ్యవధిలోనిదే కావడం వల్ల, దాన్ని తగ్గించాలన్న తొందర ఎవరిలోనూ అంతగా కనిపించదు.

అద్దెలు ఎక్కువ, ప్రయాణం ప్రయాస, గాలి మంచిది కాదు, నీటికి ఎదురుచూపు తప్పదు. అయినా జనం మహానగరాలకు వస్తూనే ఉండడానికి కారణం ఏమిటన్న ప్రశ్నకు ఆర్థికశాస్త్రం ఇచ్చే సమాధానం సామీప్యం. ఒకే రకం పని చేసేవారు, చేయించుకునేవారు, ఆ పనికి ముడిసరుకు అందించేవారు దగ్గర దగ్గరగా ఉన్నప్పుడు ఖర్చు తగ్గి నైపుణ్యం పెరుగుతుందని ఆంగ్ల ఆర్థికవేత్త ఆల్ఫ్రెడ్ మార్షల్ 1890లోనే వివరించాడు. పనివాడికి ఒక చోట ఉద్యోగం పోతే పక్క వీధిలో మరొకటి దొరుకుతుంది, యజమానికి కావలసిన నిపుణుడు ఊళ్లోనే ఉంటాడు, ఒకరు కనిపెట్టిన మెలకువ నలుగురి నోట పడి నలభై మందికి చేరుతుంది. సముదాయ ప్రయోజనం అని పిలిచే ఈ సూత్రానికి హైదరాబాద్ మందుల పరిశ్రమ చక్కని ఉదాహరణ. 1960లలో సోవియట్ సహకారంతో ఇక్కడ నెలకొన్న ప్రభుత్వరంగ సంస్థ ఐడీపీఎల్‌లో ఒక తరం రసాయన శాస్త్రవేత్తలు, ఇంజినీర్లు పని నేర్చుకున్నారు. మందుకు కాకుండా దాన్ని తయారుచేసే పద్ధతికి మాత్రమే పేటెంటు ఇచ్చే విధంగా 1970లో చట్టం మారడంతో, అదే మందును వేరే పద్ధతిలో తక్కువ ఖర్చుకు తయారుచేయగల ఆ నేర్పుకు గిరాకీ వచ్చింది. ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించారు; ఆయన మాదిరిగానే బయటికి వచ్చి సొంత కంపెనీలు పెట్టుకున్నవారు, వారి దగ్గర పనిచేసి మళ్లీ వేరుపడినవారు కలిసి జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు పారిశ్రామికవాడలను నింపారు. ఆ తరువాత శామీర్‌పేట వైపు జీవసాంకేతిక పరిశ్రమల వాడ జీనోమ్ వ్యాలీ వెలిసింది. కోవిడ్ కాలంలో దేశీయ టీకా హైదరాబాద్ నుంచి రావడం వెనుక అరవై ఏళ్ల ఈ వారసత్వం ఉంది. ఆ వారసత్వానికి రెండో ముఖం కూడా ఉంది: పటాన్‌చెరు పరిసరాల్లో నక్కవాగు పారే ఊళ్ల బావులు, పొలాలు రసాయన వ్యర్థాలతో చెడిపోగా, ఆ వివాదం 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

సాఫ్ట్‌వేర్ రంగంలోనూ జరిగింది ఇదే. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాడు చుట్టూ బండరాళ్ల గుట్టలే. 2022-23 ఆర్థిక సంవత్సరంలో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన లెక్క ప్రకారం తెలంగాణ ఐటీ ఎగుమతులు 2.41 లక్షల కోట్ల రూపాయలు, ఉద్యోగులు 9 లక్షల మందికి పైగా. ఈ అంకెలకు కనిపించని పునాది అమీర్‌పేటలో ఉంది. మైత్రీవనం చుట్టుపక్కల గోడల నిండా కోర్సుల పేర్ల బ్యానర్లు, మెట్లెక్కితే కిక్కిరిసిన తరగతి గదులు, వెనక సందుల్లో ఒక్కో గదికి నాలుగైదు మంచాల హాస్టళ్లు, వాటి కింద కర్రీ పాయింట్లు, జిరాక్స్ షాపులు. నూజివీడు నుంచో నల్లగొండ నుంచో వచ్చిన పట్టభద్రుడు మూడు నాలుగు నెలల్లో ఏ కోర్సుకు గిరాకీ ఉందో, ఏ కంపెనీ మనుషులను తీసుకుంటోందో ఆ సందుల్లోనే తెలుసుకుంటాడు. తరువాత వారిలో ఎందరో మాదాపూర్‌కు, బెంగళూరుకు, అక్కణ్నుంచి డల్లాస్‌కు, న్యూజెర్సీకి చేరారు. ఏ ప్రణాళికా సంఘమూ తలపెట్టకుండానే ఏర్పడిన ఇటువంటి చోటు చిన్న పట్టణంలో నిలదొక్కుకోలేదు.

భౌతికశాస్త్రవేత్త జెఫ్రీ వెస్ట్, ఆయన సహచరులు ఎన్నో దేశాల నగరాల గణాంకాలను పోల్చి 2007లో ప్రకటించిన పరిశోధన ఈ విషయానికి ఒక కొలత ఇచ్చింది. వారి లెక్కలో జనాభా రెట్టింపైన నగరంలో తలసరి ఆదాయం, కొత్త ఆవిష్కరణలు సుమారు 15 శాతం పెరుగుతాయి, తలసరి గొట్టాలు, తీగలు, రోడ్ల అవసరం దాదాపు అంతే శాతం తగ్గుతుంది. నేరాలు, అంటువ్యాధులు కూడా ఆదాయం పెరిగిన ఆ దామాషాలోనే పెరుగుతాయి. మనుషుల్ని ఒకచోట చేర్చే శక్తి మంచికీ చెడుకూ ఒకటే గనుక, పెద్ద నగరం కావాలా వద్దా అన్న చర్చ వల్ల ఒరిగేది తక్కువ. సామీప్యం సృష్టించిన సంపద ఎవరి చేతికి పోతోంది, దాని ఖర్చు ఎవరి నెత్తిన పడుతోంది అన్న విచారణ వల్ల ఒరిగేది చాలా ఎక్కువ.

ఆ సంపదలో సింహభాగం భూమి ధరలోకి పోతుంది. కొత్త రోడ్డు, మెట్రో స్టేషను, పేరున్న కంపెనీ, మంచి బడి, వీటిలో ఏది వచ్చినా చుట్టుపక్కల గజం ధర లేస్తుంది. ఆ లాభం కోసం స్థలం యజమాని చేసిన శ్రమ ఏమీ లేదు. 2023 ఆగస్టులో కోకాపేటలో ప్రభుత్వ భూమిని వేలం వేసినప్పుడు ఎకరం ధర 100 కోట్ల రూపాయలు దాటింది. ప్రభుత్వ ఖజానాకు అది ఘనమైన రాబడే. అయితే అమ్మిన భూమి డబ్బు ఒక్కసారే వస్తుంది, ఆ భూమి మీద లేచే అంతస్తులకు నీరు, మురుగు, రోడ్డు ఏటేటా కావాలి. ఆ ఖర్చు భరించవలసిన నగరపాలక సంస్థకు ఏటేటా వచ్చేది ప్రధానంగా ఆస్తి పన్నే, దాన్ని సవరించడానికి ఏ ప్రభుత్వమూ సాహసించదు. భూమి అమ్మకంపై ఆధారపడిన ప్రభుత్వానికి భూమి ధర పెరగడమే ప్రయోజనం కావడం మరో చిక్కు. ధరలను అదుపు చేయవలసిన వ్యవస్థ తానే పెద్ద అమ్మకందారై నిలిచినప్పుడు, సామాన్యుడికి ఇల్లు అందుబాటులో ఉండాలన్న మాట ఎన్నికల ప్రణాళికకే పరిమితమవుతుంది.

హైదరాబాద్ పడమటి వైపు అంత ఎత్తైన భవనాలు లేవడానికి ఒక నిబంధన తొలగడం కారణం. స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టుబడి చేయవచ్చునో చెప్పే పరిమితిని ఎఫ్ఎస్ఐ అంటారు. ముంబయి ద్వీప నగరంలో దాన్ని చాలాకాలం 1.33 దగ్గర బిగించి ఉంచారు. హైదరాబాద్‌లో 2006లో ఆ పరిమితిని ఎత్తివేసి, ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదలవలసిన ఖాళీ స్థలం బట్టి ఎత్తును అనుమతించారు. దీనివల్ల ఇళ్లు ఎక్కువగా కట్టగలిగారు, ముంబయితో పోలిస్తే ధరలు కొంత అందుబాటులో ఉన్నాయి. ఆ మేరకు నిర్ణయం మంచిదే. అయితే ఒక ఎకరంలో మూడు వందల కుటుంబాలు చేరతాయని తెలిసినప్పుడు, ఆ వీధిలో వేయవలసిన మురుగు గొట్టం వ్యాసం కూడా అదే రోజున మారి ఉండవలసింది.

మహానగరపు సమస్యలన్నింటిలో నీటి కథ పొడవైనది, పాఠాలు ఎక్కువున్నదీ అదే. 1562లో హుస్సేన్‌సాగర్ కట్టినప్పుడు హైదరాబాద్ నగరమే లేదు. నగరానికి 1591లో పునాది పడింది. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరదలో సుమారు 15,000 మంది మరణించారని అంచనా. నిజాం ప్రభుత్వం రప్పించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య నదీ పరీవాహక ప్రాంతమంతా పరిశీలించి, నగరానికి ఎగువన 788 చెరువులున్నాయనీ, వాటిలో రెండు వందలకు పైగా తెగి ఒకదాని నీరు మరొకదాని మీద పడడంతో వరద ఉధృతమైందనీ తేల్చారు. ఆయన సూచన మేరకు మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. జనం గండిపేట అని పిలిచే ఉస్మాన్‌సాగర్ పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 1,790 అడుగులు. నగరం అంతకంటే దిగువన ఉండడంతో, మోటారు అక్కర్లేకుండా నీరు తనంతట తానే పారి ఆసిఫ్‌నగర్‌లోని శుద్ధి కేంద్రానికి చేరేది. వరదను ఆపడానికి కట్టిన కట్టే మంచినీళ్లనూ ఇచ్చింది.

జనం పెరిగేకొద్దీ నగరం చెయ్యి చాపవలసిన దూరం కూడా పెరిగింది. 1965లో మంజీర నీరు వచ్చింది, తరువాత సింగూరు జలాశయం తోడైంది. 2004లో నాగార్జునసాగర్ నుంచి కృష్ణా జలాలు వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి వచ్చాయి. 2015లో ఎల్లంపల్లి నుంచి గోదావరి నీరు దాదాపు 180 కిలోమీటర్ల గొట్టం గుండా చేరింది. ఇక్కడ దూరం కంటే ఎత్తు ముఖ్యం. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, అంటే గండిపేటకు 1,200 అడుగులు దిగువన. హైదరాబాద్ దక్కన్ పీఠభూమి మీద ఉన్నందున ప్రతి లీటరు కృష్ణా నీటినీ కరెంటుతో అంత ఎత్తుకు ఎత్తిపోయాలి. అందువల్ల వెయ్యి లీటర్ల నీటిని కొళాయి దాకా తేవడానికి నగర నీటి సరఫరా సంస్థ జలమండలికి అయ్యే ఖర్చు, వినియోగదారు చెల్లించేదానికంటే ఎక్కువ. 2021 నుంచి నెలకు 20,000 లీటర్ల దాకా ఉచితం కావడంతో ఆ తేడా మరింత పెరిగింది. పేదవాడికి నీరు ఉచితంగా ఇవ్వడాన్ని తప్పుపట్టవలసిన పనిలేదు. కాని ఆ సున్నా బిల్లుకు అలవాటుపడ్డ నగరానికి తాను తాగుతున్న నీరు ఎంత దూరం నుంచి, ఎంత కరెంటు ఖర్చుతో వస్తోందో తెలిసే మార్గం మూసుకుపోయింది.

ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చు. హైదరాబాద్‌లో ఏడాదికి సగటున 800 మిల్లీమీటర్ల వర్షం పడుతుంది. 2007 నాటి 650 చదరపు కిలోమీటర్ల పరిధిలో ఆ వాన మొత్తం 52 కోట్ల ఘనపు మీటర్లు, అంటే సుమారు 18 టీఎంసీలు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. 2025 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగిన గోదావరి రెండో దశ పథకం మల్లన్నసాగర్ నుంచి తేదలచిన నీరు 20 టీఎంసీలు. పడ్డ వానంతా పట్టి నిలపడం ఎవరివల్లా కాదు. ఎండకు ఆవిరయ్యేది, చెట్టూచేమా తాగేది, వృథాగా పారేది పోగా చేతికందేది కొంతే. కాని నెత్తిమీద పడ్డ నీటిని వరదగా మూసీలోకి తోసేసి, దాదాపు అంతే పరిమాణం గల నీటిని వందల అడుగుల దిగువ నుంచి ఎత్తి తెచ్చుకోవడంలో ఉన్న వైపరీత్యం ఈ అంకెలతో స్పష్టమవుతుంది. ఆ రెండో దశ నీటిలో కొంత భాగం గండిపేటను, హిమాయత్‌సాగర్‌ను నింపడానికే ఉద్దేశించారు. ఒకప్పుడు నగరాన్ని పోషించిన జలాశయాల్లోకి గోదావరిని మోటార్లతో తోడి పోయవలసిన స్థితి వచ్చిందన్నమాట.

ఆ స్థితి ఎలా వచ్చిందో తెలియాలంటే చెరువు పనిచేసే తీరు తెలియాలి. తెలంగాణ చెరువులు విడివిడిగా ఉండవు. వాలు వెంట ఒకదాని కింద ఒకటిగా గొలుసుకట్టుగా ఉంటాయి. ఎగువ చెరువు నిండగానే కట్టకు ఒక కొసన ఉండే అలుగు మీదుగా నీరు దూకి, వాగులో పడి దిగువ చెరువుకు చేరుతుంది; పొలాలకు తూము ద్వారా పారుతుంది. నిండినప్పుడు నీరు పరుచుకునే హద్దును పూర్తి నీటిమట్టం అంటారు. ఎఫ్‌టీఎల్ అన్న పేరుతో ఇప్పుడది హైదరాబాదులో ఇంటింటి మాట. ఆ హద్దు దాటాక పెద్ద చెరువులకు 30 మీటర్లు, చిన్న వాటికి 9 మీటర్ల మేర ఏమీ కట్టకుండా వదలాలని నిబంధన. దాన్ని బఫర్ జోన్ అంటారు. చెరువు గర్భంలో, ఎండాకాలం నీరు తీసినప్పుడు సాగు చేసుకొనే భూమి శిఖం. అందులో కొంత ప్రభుత్వానిది, కొంత రైతుల పట్టా భూమి. వ్యవసాయం సాగినంత కాలం ఈ ఏర్పాటు ఎవరికీ ఇబ్బంది కలిగించలేదు. చెరువు కింద ఆయకట్టు ఇళ్ల స్థలాలుగా మారాక, తూము తెరిచేవారు లేరు, పూడిక తీసేవారు లేరు. శిఖం పట్టాదారుకు మాత్రం కాగితం చేతిలో ఉంది. పంట మాత్రమే పండించుకోవాలన్న షరతు మరుగున పడి, ఆ కాగితం వెంచరుగా, వెంచరు ప్లాటుగా, ప్లాటు బ్యాంకు రుణంతో కొన్న అపార్టుమెంటుగా రూపం మార్చుకుంది. అడుగడుగునా ఏదో ఒక ముద్ర, ఏదో ఒక అనుమతి ఉన్నాయి. చివరన కొన్నవాడికి అక్కడ అలుగు ఉండేదని ఎవరూ చెప్పలేదు, వానకాలంలో నీరే వచ్చి చెప్పింది.

2000 ఆగస్టులో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన కురిసినప్పుడు నగరం మునిగింది. నాలాల ఆక్రమణ గురించి అప్పుడే అధ్యయనం జరిగి, నివేదిక వచ్చింది. ఇరవై ఏళ్ల తరువాత 2020 అక్టోబరులో కుండపోత కురిసి పల్లెచెరువు, బాలాపూర్ గుర్రం చెరువు తెగి పాతబస్తీ పరిసర కాలనీలను ముంచాయి. 1908లో విశ్వేశ్వరయ్య వర్ణించిన గొలుసుకట్టు తెగుడు చిన్న ప్రమాణంలో మళ్లీ జరిగింది. 2025 సెప్టెంబరులో గండిపేట, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌లోకి మూసీ వచ్చింది. అంతకు మూడేళ్ల ముందే, 2022లో, ఆ జలాశయాల పరీవాహక ప్రాంతంలోని 84 గ్రామాల్లో నిర్మాణాలపై 1996లో జీవో 111 పేరుతో విధించిన ఆంక్షలను సడలించారు. ఆ ఆంక్షలపై ఆ ఊళ్ల రైతులకు న్యాయమైన ఫిర్యాదు ఉంది: పక్కన ఔటర్ రింగ్ రోడ్డు అవతల ఎకరం కోట్లు పలుకుతుంటే, నగరానికి నీటి కోసం తమ భూమి మాత్రం సాగుకే కట్టుబడి ఉండాలి, దానికి నగరం పావలా పరిహారమైనా ఇవ్వలేదు. ఆంక్ష ఉంచి పరిహారం ఇచ్చే మూడో దారి గురించి గట్టిగా చర్చ జరిగిన దాఖలా లేదు.

2024 జులైలో చెరువులు, నాలాలు, ప్రభుత్వ స్థలాల రక్షణకు హైడ్రా అనే సంస్థ ఏర్పడి, ఎఫ్‌టీఎల్ పరిధిలోని కట్టడాలను కూల్చడం మొదలుపెట్టింది. ఇరవై ఏళ్లుగా నివేదికలు కోరుతున్న పని కావడంతో హర్షించినవారున్నారు. అనుమతి పత్రం చూసి, జీవితకాలపు పొదుపు పెట్టి కొన్న ఇల్లు కూలుతుంటే చూస్తూ నిలబడినవారూ ఉన్నారు. కూలిన ఇంటి నష్టం కొన్నవాడిది. అమ్మినవాడి లాభం, అనుమతి ఇచ్చినవాడి పింఛను చెక్కుచెదరలేదు. హద్దులు ముందు తేల్చి, వాటిని రిజిస్ట్రేషన్ కార్యాలయంలో సర్వే నంబరు వారీగా అందరికీ కనిపించేలా పెడితే కూల్చవలసిన అవసరం చాలావరకు రాదు.

వాడిన నీరు ఎక్కడికి పోతుందన్నది ఇంతకంటే తక్కువ మంది ఆలోచించే సంగతి. గ్రేటర్ పరిధిలో రోజుకు 160 కోట్ల లీటర్లకు పైగా మురుగు పుడుతుంది; కొత్త శుద్ధి కేంద్రాలు రాకముందు అందులో సగం మాత్రమే శుద్ధయ్యేది, మిగిలింది నాలాల గుండా మూసీకి చేరేది. నగరానికి దిగువన పీర్జాదిగూడ, ప్రతాపసింగారం దాటాక మూసీ ఎండాకాలంలో కూడా పారుతుంది, ఎందుకంటే అది కృష్ణా, గోదావరి, మంజీర నుంచి నగరం తెచ్చుకొని వాడి వదిలిన నీరు. పాతకాలపు కత్వల (చిన్న ఆనకట్టల) నుంచి కాలువలకు మళ్లే ఆ నీటితో ఒడ్డు వెంట గడ్డి పెంచి నగరంలోని పాడి పశువులకు అమ్మేవారున్నారు, ఇంకా కిందికి పోతే వరి పండించేవారున్నారు. నీటి కరువు తెలియని రైతులు వారు. ఆ నీటి నురగ, వాసన, దోమలు, చర్మవ్యాధులు భరించేవారూ వారే. నగరం వారికి నీరిచ్చిందా, విషమిచ్చిందా అన్నది తేలికగా తేలే వాదన కాదు.

ఈ విషయంలో హైదరాబాద్ ఒంటరి కాదు. సరస్సును ఎండగట్టి దాని అడుగున పెరిగిన మెక్సికో సిటీ భూగర్భ జలాన్ని తోడి తోడి కుంగుతోంది. అక్కడి కుట్సమాలా పథకం నీటిని వెయ్యి మీటర్లకు పైగా ఎత్తుతుంది, అదే సమయంలో వానాకాలపు వరదను బయటికి తోడడానికి వేరే సొరంగాలు కావలసివచ్చాయి. 2015లో వరదలో మునిగిన చెన్నై, 2019 వేసవిలో జోలార్‌పేట నుంచి రైలు వ్యాగన్లలో నీరు తెప్పించుకుంది. టోక్యో నగరంలో గొట్టాల నుంచి కారిపోయే నీరు సుమారు 3 శాతమే. భారతీయ నగరాల్లో సరఫరా అయిన నీటిలో మూడో వంతు, కొన్నిచోట్ల అంతకు మించి, లెక్కకు రాదు. కొత్త నదిని తెచ్చే పథకానికి శంకుస్థాపన శిలాఫలకం ఉంటుంది. గొట్టం కీలు బాగుచేసినందుకు శిలాఫలకం పెట్టే ఆచారం లేదు.

నగరాన్ని కట్టేవారి సంగతికి వస్తే, ముంబయిలోని కామాటిపురాకు ఆ పేరు తెలంగాణ నుంచి కూలికి వెళ్లిన కామాటీల వల్ల వచ్చింది. పందొమ్మిదో శతాబ్ది నుంచి ఆ నగర నిర్మాణంలో వారి చెమట ఉంది. భివండీ మగ్గాల మీద తెలంగాణ పద్మశాలీలు, కాంక్రీటు పనుల్లో పాలమూరు కూలీలు తరతరాలుగా పనిచేశారు. ఇప్పుడు హైదరాబాద్ అదే స్థానంలో ఉంది. ఇక్కడి టవర్లు కట్టేవారిలో పెద్ద సంఖ్య ఒడిశా, బిహార్, జార్ఖండ్ నుంచి వచ్చినవారిది. 2020 లాక్‌డౌన్‌లో వలస కూలీల కోసం దేశంలో మొదటి ప్రత్యేక రైలు మే 1న లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. పనిస్థలంలోనే రేకుల గదుల్లో ఉండేవారికి పని ఆగిన రోజున నగరంలో నిలవడానికి చోటు లేదన్నది ఆ రైలు చూపిన నిజం. ప్రభుత్వ గృహ పథకాలు సొంత ఇల్లు లక్ష్యంగా నడుస్తాయి. రెండేళ్ల పనికి వచ్చినవాడికి కావలసింది చవకైన అద్దె గది, దాని గురించి పథకాలు అరుదు.

ప్రయాణం విషయంలో కొంత చెప్పి వదిలేయవచ్చు. 2017 నవంబరులో మొదలై 2020 ఫిబ్రవరికి 69 కిలోమీటర్లు పూర్తయిన మెట్రో రోజుకు నాలుగైదు లక్షల మందిని చేరవేస్తోంది, అయినా పాతబస్తీ లోపలికి పోదు. 2023 డిసెంబరు నుంచి మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చాక, దూరం వల్ల ఒప్పుకోలేని పనులు ఎందరికో అందుబాటులోకి వచ్చాయి. బస్సుల సంఖ్య మాత్రం ఆ రద్దీకి తగినట్లు పెరగలేదు. ఫ్లైఓవరు కింద బస్టాపులో నిలబడ్డవారి సంఖ్య, పైన కార్లలో పోయేవారి కంటే ఎక్కువన్న సంగతి ఇంజినీర్ల లెక్కల్లో కనిపించదు.

ఇన్ని పనులకు బాధ్యులెవరన్నది అసలు చిక్కుముడి. వీధిలో నీరు నిలిస్తే నాలా నగరపాలక సంస్థది, మ్యాన్‌హోల్ జలమండలిది, ఎగువ చెరువు నీటిపారుదల శాఖది, చెరువు హద్దు రెవెన్యూ శాఖది, పక్క లేఅవుటుకు అనుమతి ఇచ్చింది హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్ఎండీఏ), ఆగిన బండ్లను మళ్లించవలసింది పోలీసులు. 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ నగర ప్రణాళిక, నీటి సరఫరా, మురికివాడల మెరుగుదల సహా 18 అంశాలను పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించవచ్చునని చెప్పింది. పది లక్షలకు మించిన జనాభా గల ప్రాంతానికి, ఎన్నికైన స్థానిక ప్రతినిధులకు మెజారిటీ ఉండే మహానగర ప్రణాళికా సంఘం ఉండాలని కూడా చెప్పింది. ఆచరణలో రాష్ట్ర ప్రభుత్వాలు ఏవీ నగరాన్ని మేయరు చేతిలో పెట్టడానికి ఇష్టపడలేదు. రాష్ట్ర రాబడిలో పెద్ద భాగం ఒక్క నగరం నుంచి వచ్చేటప్పుడు, దాని పగ్గాలు ముఖ్యమంత్రి వదులుకుంటారని ఆశించడం అమాయకత్వమే. ఫలితంగా మేయరుకు పేరుంది, అధికారం లేదు. కమిషనరుకు అధికారముంది, ఓటరుకు జవాబు చెప్పవలసిన పనిలేదు. సరిహద్దులు విస్తరించడం వల్లనో విడగొట్టడం వల్లనో ఈ ముడి విడిపోదు.

పెరిగే భూమి ధరలోంచే నగరానికి కావలసిన ఖర్చును రాబట్టే పద్ధతులు లేకపోలేదు. జపాన్ నగరాల్లో ఎన్నో పేటలు భూ పునర్విభజన ద్వారా ఏర్పడ్డాయి: ఒక ప్రాంతంలోని యజమానులందరూ తమ భూమిని కలిపివేస్తారు, రోడ్లు, కాలువలు, పార్కులకు కొంత తీసి, ఖర్చుల కోసం కొంత అమ్మి, మిగిలింది సరైన ఆకారంలో తిరిగి పంచుతారు, ప్రతివాడికీ విస్తీర్ణం తగ్గుతుంది, విలువ పెరుగుతుంది. అహ్మదాబాద్‌లో ఇదే పద్ధతిని టౌన్ ప్లానింగ్ పథకాల పేరుతో దశాబ్దాలుగా, ఒక్కోసారి ఒక చిన్న ప్రాంతానికి, అమలుచేస్తున్నారు. తెలుగువారికి ఇది అమరావతి భూసమీకరణ వల్ల తెలుసు. అక్కడ 2015లో సుమారు 33,000 ఎకరాలను ఒకే విడతలో సమీకరించారు. ప్రభుత్వం మారగానే పని ఆగి, రైతులు ఏళ్ల తరబడి కౌలు కోసం, ప్లాటు కోసం ఎదురుచూశారు. ఇచ్చిన మాట ఐదేళ్ల పదవీకాలం దాటి నిలుస్తుందన్న నమ్మకం లేకపోతే ఈ పద్ధతి ఎంత చక్కనిదైనా రైతు రెండోసారి సంతకం పెట్టడు.

హైదరాబాద్‌కు ఆ అవకాశం ఇంకా మిగిలి ఉన్న చోటు ఔటర్ రింగ్ రోడ్డుకూ, ప్రతిపాదిత రీజినల్ రింగ్ రోడ్డుకూ మధ్యనున్న నేల. 2025లో హెచ్ఎండీఏ పరిధిని అక్కడిదాకా పొడిగించడంతో అది 10,000 చదరపు కిలోమీటర్లు దాటింది. ఆ మండలాల్లో చాలా చెరువుల కింద ఇప్పటికీ వరి నాట్లు పడుతున్నాయి, అలుగులు దూకుతున్నాయి, వాగు ఎటు పోతుందో ఊరి నీరటికాడికి తెలుసు. హెచ్ఎండీఏ పాత పరిధిలోని మూడు వేలకు పైగా చెరువుల్లోనే ఎఫ్‌టీఎల్ తుది నోటిఫికేషన్ అన్నింటికీ పూర్తికాక, హైకోర్టు గడువులు పెట్టవలసి వచ్చింది. రీజినల్ రింగ్ రోడ్డుకు 2025 నాటికి మట్టి పడనే లేదు. దాని ఇరుపక్కలా వెంచర్ల హద్దురాళ్లు మాత్రం అప్పుడే పాతేశారు.